నొప్పి పోతుంది సరే... మళ్లీ చెట్టెక్కొచ్చా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. మా బాపు గీత కార్మికుడు, వయసు 48. రెండేళ్ల కింద తాటిచెట్టు మీంచి జారిపడితే కుడి మడమ ఎముక చితికింది. సిమెంటు కట్టు వేశారు, ఎముక అతికింది. కానీ నడిస్తే ఇప్పటికీ నొప్పే. కీలు అరిగిపోయింది, ఫ్యూజన్ ఆపరేషన్ చేయాలంటున్నారు. చేయించుకుంటే మళ్లీ చెట్టెక్కొచ్చా అని బాపు రోజూ అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

జవాబు: ముందు ఆ కీలు చేసే పనేంటో చూద్దాం. చీలమండ కింద, మడమ ఎముకకూ దాని పైనున్న ఎముకకూ మధ్య ఉండే కీలును సబ్‌టేలార్ జాయింట్ అంటాం. పాదాన్ని పైకీ కిందికీ ఆడించేది చీలమండ. లోపలికీ బయటికీ వాల్చేది ఎక్కువగా ఈ కీలే. ఎత్తు నుంచి పడ్డప్పుడు మడమతో పాటు ఇదీ నలుగుతుంది. లోపలి మృదులాస్థి పోయి, అడుగు వేసినప్పుడల్లా ఎముకా ఎముకా రాసుకుంటాయి. నొప్పి అందుకే.

ఫ్యూజన్‌లో మిగిలిన మృదులాస్థిని గీకేసి, రెండు ఎముకల్నీ స్క్రూలతో బిగిస్తారు. అవి ఒకే ఎముకగా అతుక్కుంటే రాపిడి ఉండదు. చాలామందికి నొప్పి బాగా తగ్గుతుంది. చదునైన నేల మీద మామూలుగానే నడుస్తారు. కానీ ఆ కీలు ఇక కదలదు. పొలం గట్లు, రాళ్లదారి ఇబ్బందే. ఏళ్లు గడిచేకొద్దీ పక్క కీళ్ల మీద భారం పెరిగి అవీ అరగొచ్చు.

ఇక చెట్టు సంగతి. అరికాళ్లను లోపలికి వాల్చి మానును పట్టుకుంటేనే కదా పైకి ఎక్కేది! ఫ్యూజన్‌తో పోయేది సరిగ్గా ఆ కదలికే. కాబట్టి మళ్లీ చెట్టెక్కొద్దనే నా సలహా. ఈ మాట ఆపరేషన్‌కు ముందే బాపుకు చెప్పండి. తర్వాత తెలిస్తే మోసపోయానని బాధపడతారు.

బాపుకు బీడీ అలవాటుందా? 2000లో వచ్చిన ఒక అమెరికా పరిశీలనలో 184 ఫ్యూజన్లను లెక్కేస్తే, పొగ తాగనివాళ్లలో 92 శాతం అతుక్కున్నాయి. తాగేవాళ్లలో 73 శాతమే. అతుక్కోకపోతే మళ్లీ ఆపరేషన్ తప్పకపోవచ్చు. అందుకే ముందే మానేయాలి, ఎముక అతికేదాకా ముట్టకూడదు. షుగరుంటే అదుపులో పెట్టాలి.

ఆపరేషన్ అయ్యాక దాదాపు ఆరు వారాలు ఆ కాలు నేల మీద మోపకూడదు. తర్వాత బూటుతో మెల్లగా నడిపిస్తారు. మొత్తం మూడు నెలలైనా పడుతుంది. వాపు ఏడాది దాకా ఉండొచ్చు. ఈలోపు ఇల్లు ఎలా గడుస్తుందో ఇప్పుడే లెక్క వేసుకోండి.

డాక్టరును ఈ మూడూ అడగండి: నొప్పి ఈ కీలుదేనని మత్తు ఇంజెక్షన్‌తో తేల్చుకున్నారా? ఒక్క కీలునే కలుపుతారా, మూడింటినా? (మూడూ కలిపితే పాదం ఇంకా బిగుసుకుపోతుంది.) చీలమండ ఎలా ఉంది?

గట్టి బూట్లు, మెత్తటి అడుగులు, కీలులోకి ఇంజెక్షన్ ఇంతవరకు వాడకపోతే ముందు అవి చూడొచ్చు. తొందరేం లేదు. అవి వాడినా రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉంటే మాత్రం ఫ్యూజన్ మంచి దారే. చెట్టు దిగాక బాపు ఏం పని చేస్తారన్నది ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి.