గాబరాకు ఈసీజీ ఒక్కటే చాలదు

పాతబస్తీలో ఉర్దూ మాట్లాడేవారు ‘ఘబ్రాహట్’ అంటారు. లాల్‌దర్వాజా, గౌలిపుర తెలుగు ఇళ్లలో ‘గాబరా’ అంటారు. గుండె దడ, అరచేతుల్లో చెమట, ఊపిరి ఆడదేమోనన్న భయం. ఈ బాధతో వచ్చినవారికి వైద్యులం ముందుగా ఈసీజీ తీయిస్తాము. అది అవసరమే. గుండె జబ్బు, థైరాయిడ్, రక్తహీనత లేవని తేల్చుకోవలసిందే. అయితే అన్నీ సక్రమంగా ఉన్నాయని తేలిన తరువాత ‘మీకేమీ లేదు, ధైర్యంగా ఉండండి’ అని పంపివేయడం వైద్యం అనిపించుకోదు. ఆ మనిషి మరో క్లినిక్‌లో మరో ఈసీజీ తీయించుకుంటాడు.

ఇటువంటివారికి మేలు చేసేది టాక్ థెరపీ. దీనిని హితబోధ అని పొరబడేవారే ఎక్కువ. హితబోధకు మన ఇళ్లలో కొరత ఎన్నడూ లేదు! థెరపీ చేసే పని వేరు. గుండె కాస్త వేగంగా కొట్టుకోగానే ‘ఇది గుండెపోటు’ అన్న తలంపు వస్తుంది. ఆ తలంపు భయాన్ని, భయం దడను పెంచుతాయి. సైకాలజిస్టు ఈ వలయాన్ని రోగి చేతనే గుర్తింపజేస్తారు. ఒక్కొక్కప్పుడు మెట్లెక్కించి, గుండె వేగం పెరిగినంత మాత్రాన ప్రాణం పోదని అనుభవపూర్వకంగా చూపిస్తారు. జనసమ్మర్దానికి జడిసి ఇల్లు కదలని వ్యక్తి మొదట గల్లీ చివరి వరకు, తరువాత శాలిబండ వరకు, కొన్ని వారాలకు సాయంకాలపు లాడ్‌బజార్‌లోకి వెళ్లగలగడం ఈ చికిత్సా క్రమమే. డిప్రెషన్‌లోనూ అంతే. ఉత్సాహం వచ్చాక పని చేద్దామని ఎదురుచూడక, చిన్న పనితో మొదలుపెట్టి ఉత్సాహాన్ని రాబట్టడం నేర్పుతారు. అమెరికా వైద్యుడు ఆరన్ బెక్ 1960లలో రూపుదిద్దిన చికిత్సా విధానం ఈ కోవలోనిదే. స్వల్ప, మధ్యస్థ స్థాయి డిప్రెషన్‌లో ఇది మందులతో దాదాపు సమానంగా పనిచేస్తుంది. తీవ్రమైన స్థితిలో మందులు తప్పనిసరి. వాడుతున్న మందులను సొంతంగా ఆపరాదు.

మరి పాతబస్తీవాసి ఎక్కడికి వెళ్లాలి? ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో నిపుణులు ఉన్నారు. కానీ ‘ఎర్రగడ్డకు పంపాలి’ అన్నది ఈ నగరంలో ఒక వెకిలి హాస్యం. ఆ పేరు వినగానే కుటుంబాలు వెనుకాడుతాయి. పెళ్లి కావలసిన ఆడపిల్ల విషయంలో మరీనూ. ప్రైవేటు సైకాలజిస్టు వద్ద వారం వారం రుసుము చెల్లించడం గాజుల బట్టీ కార్మికునికి సాధ్యమా? 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం సాధారణ మానసిక రుగ్మతలున్నవారిలో 80 శాతానికి పైగా చికిత్స అందనివారే.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. 2018 నుండి మన నగరంలో బస్తీ దవాఖానాలు నడుస్తున్నాయి. టాక్ థెరపీ అక్కడే, తెలుగులోనూ దక్కనీ ఉర్దూలోనూ అందాలి. అన్నిచోట్లా సైకాలజిస్టులను నియమించలేమన్నది నిజమే. కానీ గోవా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో, మానసిక వైద్యంలో పూర్వానుభవం లేని సామాన్యులకు శిక్షణ ఇచ్చి, ఆరు నుండి ఎనిమిది విడతల సంభాషణతో తీవ్ర డిప్రెషన్‌ను సైతం తగ్గించవచ్చని 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. పాకిస్తాన్‌లోని రావల్పిండి గ్రామాలలో మహిళా ఆరోగ్య కార్యకర్తలు తల్లుల విషయంలో అంతకుముందే దీనిని సాధించారు. ఇక్కడి ఆశా కార్యకర్తలకు ఆ శక్తి లేదని నేను నమ్మను. అయితే వారి మీద ఇప్పటికే ఉన్న భారానికి ఇది ఉచిత అదనం కారాదు. శిక్షణ, వేతనం, పైన ఒక నిపుణుని పర్యవేక్షణ ఉండాలి. అన్నిటికన్నా ముందు, తలుపు మూసుకోగల ఒక గది కావాలి. ఇరుగుపొరుగు వరుసలో కూర్చుని వింటూ ఉండగా ఏ ఇల్లాలూ మనసు విప్పదు.

ఈలోగా, టెలి మానస్ 14416 నంబరు రాత్రింబవళ్లు ఉచితంగా, తెలుగుతో సహా పలు భాషలలో అందుబాటులో ఉన్నది. చావు ఆలోచనలు వస్తున్నవారు మాత్రం ఫోనుతో సరిపెట్టుకోకుండా, ఇంట్లో ఒకరిని తోడు తీసుకొని ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి.