ఉద్యోగం పోయినవాళ్లకు జరిమానా ఏమిటి?

"ఇన్సూరెన్స్ లేకుండా తిరిగేవాళ్లకు పెనాల్టీ పడాల్సిందే. లేకపోతే వాళ్ల ఆస్పత్రి బిల్లులు మన నెత్తిన పడతాయి" అన్నాడో పెద్దమనిషి, మొన్న కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఒక విందులో. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. అందరూ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లే. నాకు ఒళ్లు మండింది.

లే ఆఫ్ అయిన కొన్ని వారాలకు ఇంటికి మందపాటి కవరొకటి వస్తుంది. కోబ్రా నోటీసు. కోబ్రా అనే ఫెడరల్ చట్టం కింద పాత ఇన్సూరెన్సే 18 నెలలు ఉంచుకోవచ్చు. కానీ నిన్నటిదాకా కంపెనీ కట్టిన వాటా కూడా మనమే కట్టాలి, ఆపైన నిర్వహణ ఖర్చు 2 శాతం. కేఎఫ్‌ఎఫ్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ సర్వే ప్రకారం 2024లో కంపెనీల కుటుంబ పాలసీకి సగటు ప్రీమియం ఏడాదికి 25,572 డాలర్లు. కోబ్రా కింద నెలకు 2,170 పైమాటే. కాలిఫోర్నియాలో నిరుద్యోగ భృతి వారానికి 450 డాలర్లు మించదు. అది 2005లో పెట్టిన పరిమితి! నాలుగు వారాల భృతి మొత్తం పోసినా ప్రీమియానికి చాలదు. ఇంటద్దె ఎవరు కడతారు? కడుపుతో ఉన్న భార్యతో, 60 రోజుల వీసా గడువుతో ఒక హెచ్-1బీ కుర్రాడు ఆ కవరు ముందు కూర్చుని ఏం తేల్చుకోవాలి?

పన్నుల్లోనూ ఇదే అన్యాయం. ఉద్యోగి తరఫున కంపెనీ కట్టే ప్రీమియం మీద పన్ను లేదు. భృతి మీద మాత్రం ఫెడరల్ పన్ను ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో జీతాలు పెంచొద్దని ప్రభుత్వం కట్టడి చేస్తే, కంపెనీలు మనుషులను పట్టుకోవడానికి ఇన్సూరెన్స్ ఎర చూపాయి. 1954 పన్ను చట్టం ఆ ఏర్పాటును ఖాయం చేసింది. యుద్ధం ఎప్పుడో ముగిసింది, వైద్యం మాత్రం ఇంకా ఉద్యోగం గుంజకే కట్టేసి ఉంది.

ఇక ఆ పెద్దమనిషి అడిగిన పెనాల్టీ సంగతి. ఫెడరల్ పెనాల్టీ 2019 నుంచి సున్నా. కాలిఫోర్నియా 2020లో సొంతంగా ఒకటి తెచ్చింది. 2024లో ఏడాదంతా ఇన్సూరెన్స్ లేకపోతే పెద్దవాళ్లకు తలా కనీసం 900 డాలర్లు, పిల్లలకు 450. మినహాయింపులున్నాయి, సబ్సిడీ ఉంది అంటారు. ఆ సబ్సిడీని ఏడాది మొత్తం ఆదాయం మీద లెక్కగడతారు. జూన్ దాకా మంచి జీతం తీసుకుని జూలైలో రోడ్డున పడ్డవాడు ప్రభుత్వం లెక్కలో ఇంకా కలవాడే.

దారి లేక కాదు. 2021 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా, ఉద్యోగం పోయినవాళ్ల కోబ్రా ప్రీమియం మొత్తాన్ని ఫెడరల్ ప్రభుత్వమే భరించింది. అది మళ్లీ చెయ్యాలి. కనీసం భృతి అందుకునే నెలలకైనా ఈ జరిమానా ఎత్తేయాలి. కాలిఫోర్నియాలో ఓటున్న తెలుగువాళ్లు మీ అసెంబ్లీ సభ్యుడికి ఈ మాట రాయండి.