విద్యార్థులు – రచనారంభము

వ్రాయవలెనను కోరిక నేటి విద్యార్థులకు లేదనుట సరికాదు. వారికి లేనిది చదువరి. విద్యార్థి సంవత్సరము పొడుగునను వ్యాసములు వ్రాయుచునే యున్నాడు. వానిని చదువువాడు ఉపాధ్యాయుడొక్కడే. ఆయన చదువుటయు మార్కులు వేయుట కొఱకే. మార్కులు పడిన పిమ్మట ఆ కాగితము ఎవ్వరికిని అక్కరలేదు. ఎవ్వరును చదువరని తెలిసి వ్రాసిన వ్రాతలో ప్రాణముండదు. కావుననే గ్రంథాలయముల ప్రయోజనమును గూర్చి పదిమంది విద్యార్థులు వ్రాసిన పది వ్యాసములు ఒకే గైడు కడుపున పుట్టిన కవలలవలె నుండును.

నల్లమల నడుమనున్న అమ్రాబాదును తలచుకొన్నచో ఈ లోపము మఱింత స్పష్టమగును. నాగర్‌కర్నూలు జిల్లాలోని ఈ పీఠభూమి తరతరములుగా చెంచుల నివాసము. వారిని గూర్చి లోకమునకు విపులముగా తెలిపిన గ్రంథము 1943లో ఆంగ్లభాషలో వెలువడెను. వ్రాసినవాడు ఆస్ట్రియా దేశీయుడగు మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. ఆయన 1940లో ఈ కొండలకు వచ్చి, చెంచుల నడుమ మసలి, వారి జీవన విధానమును పరిశీలించెను. ఆ కృషి కొనియాడదగినదే. కాని ఎచ్చటనో పుట్టినవాడు అడిగి తెలిసికొని వ్రాసిన దానిని, ఇచ్చటనే పుట్టినవాడు వ్రాయలేడా? అడవి దారులు ఇతనికి తెలియును, భాష తెలియును, అవ్వ చెప్పు కథలు తెలియును. అయినను వ్యాసరచన యనగానే ఇతడు ఎన్నడును చూడని సముద్రతీరమున సూర్యోదయమును వర్ణింప బూనుకొనును. కిటికీ యవతల నున్న కొండ వ్రాయదగిన వస్తువని ఎవ్వరును ఇతనికి చెప్పలేదు.

తన్ను గూర్చి తాను చెప్పుకొనని ప్రాంతమునకు కలుగు నష్టము పాలమూరు సీమకు తెలియనిది కాదు. తెలంగాణమున కవులు లేరను మాట ఒకప్పుడు వినవచ్చెను. నేటి జోగులాంబ గద్వాల జిల్లాలో జన్మించిన సురవరం ప్రతాపరెడ్డి దానికి చెప్పిన సమాధానము 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచిక. అందు 354 మంది కవులు చోటుచేసికొనిరి. వారు ఆ సంచిక కొఱకు పుట్టిన కవులు కారు. అంతకు పూర్వమే ఊరూరను వ్రాయుచుండినవారు. 1926లో ఆరంభమైన గోలకొండ పత్రిక వంటి వేదిక యుండుటచే, వారి వ్రాతలు ఒక్కచోట చేరి చదువరుల కంటబడెను. అచ్చంపేట ప్రాంతమున జినుకుంటలో 1928లో జన్మించి, 2018లో కీర్తిశేషుడైన కపిలవాయి లింగమూర్తి తెలుగు అధ్యాపకుడు. ఆయన పాలమూరు జిల్లా దేవాలయముల వివరములను సేకరించి గ్రంథముగా వెలువరించెను. ఊరిని వ్రాయుట చిన్నపని యని తలచు ఉపాధ్యాయులకు ఈ ఒక్క ఉదాహరణము చాలును.

పాఠశాలలో ఈ పని ఆరంభించుటకు అచ్చుయంత్రము అక్కరలేదు. ఒక గోడపత్రిక చాలును. వారమునకు ఒక్కొక్క విద్యార్థి ఒక పుట వ్రాసిన చాలును. కాని కొన్ని నియమములుండవలెను. వ్రాసినది తాను చూచినదో, ఒకరి నడిగి తెలిసికొన్నదో అయి యుండవలెను. తేదియు, ఊరిపేరును వేయవలెను. చెప్పినవారి సమ్మతి లేనిదే వారి పేరు వ్రాయరాదు. కొండచరియ మీదినుండి త్రాటితో దిగి తేనెపట్టు కోయు చెంచును గూర్చి “చెంచులు మిక్కిలి ధైర్యవంతులు” అని వ్రాయుట సులభము. ఆ త్రాడు దేనితో పేనినది? ఎన్ని బారలు? పైన దానిని పట్టుకొనువాడెవడు? ప్రాణము అతని చేతిలోనే యుంచుట ఏల? ఇట్లు అడిగి వ్రాసిన పుట ముందు పెద్దలును నిలిచి చదువుదురు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరము జాతరకు పోయివచ్చిన బాలిక, లోయలోనికి దిగిన దారిని ఉన్నదున్నట్లు వ్రాసినను అట్లే.

ఇక దిద్దుట. మొదటి పుటనే ఎఱ్ఱసిరాతో నింపినచో రెండవ పుట రాదు. ఉపాధ్యాయుడు ముందు సత్యమును, పిమ్మట వాక్యమును, చివరకు అక్షరమును చూడవలెను. చెంచుల ఆవాసమునకు ‘పెంట’ అని పేరు. ఆ మాట మోటుగానున్నదని కొట్టివేసి ‘పల్లె’ యని దిద్దినచో, పోవునది మాట ఒక్కటే కాదు. ఆ మాటతో కూడిన బ్రదుకు.

పాఠములకే కాలము చాలదని కొందఱు ఉపాధ్యాయులందురు. వారమునకు ఒక్క గంట కేటాయించుట అసాధ్యము కాదు. తన మాటలలో వ్రాయ నేర్చినవాడు పరీక్షలోను గైడు వంక చూడడు. సెల్‌ఫోనులో వెదకినచో సిద్ధవ్యాసము దొరకుచుండగా ఈ శ్రమ ఏల యని విద్యార్థులడుగవచ్చును. నిజమే, సముద్రతీరమున సూర్యోదయము అందు దొరకును. తన ఊరి బావిని ఎవరు త్రవ్విరో, ఏ ఏట అది ఎండెనో దొరకదు. ఎవరైనను వ్రాసిననాడే దొరకును.

ఇది కేవలము సాహిత్యాభిరుచికి సంబంధించిన విషయము కాదు. 2019లో యురేనియము అన్వేషణ ప్రసక్తి వచ్చినప్పుడు అమ్రాబాదు పేరు రాష్ట్రమంతట మారుమ్రోగెను. ఆ సెప్టెంబరులో నల్లమలలో త్రవ్వకములు కూడదని శాసనసభ తీర్మానించెను. అట్టి వేళలందు ఏ వాగు ఏ పెంటకు నీరిచ్చుచున్నదో, ఏ చెట్టు ఎవరికి కూడు పెట్టుచున్నదో వివరముగా చెప్పగలవారు ఆ ఊరివారే కావలెను. ఆ నేర్పు ఒక్కనాటితో అబ్బదు, బడిలోనే అలవడవలెను.

అవ్వకు తెలిసినది అవ్వ యున్నంతవఱకే. వారము వారము గోడనుండి తీసిన పుటలను కుట్టి దాచినచో, సంవత్సరాంతమునకు ఊరిని గూర్చిన గ్రంథమొకటి ఆ బడిలో నుండును. ఉపాధ్యాయులు గోడపై కొంత చోటు చూపవలెను. తక్కిన పని విద్యార్థులు చేయగలరు.