ఇంట్లో చెప్పొద్దన్నాడా?

‘మీ పేరున వచ్చిన పార్శిల్లో మత్తుమందులు దొరికాయి. తలుపేసుకుని వీడియోకాల్లోనే కూర్చోండి. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు’... ఈమధ్య మధ్యాహ్నం వేళ ఫోన్లలో వినిపిస్తున్న ‘పోలీసు’ గొంతు ఇది. డిజిటల్ అరెస్టట! అలాంటి అరెస్టు మన చట్టంలోనే లేదు. 2024 అక్టోబరులో ప్రధాని కూడా ‘మన్ కీ బాత్’లో ఈ సంగతే చెప్పారు. అసలు పొద్దుగూకాక, తెల్లవారేలోపు ఆడవాళ్లను అరెస్టు చేయాలంటే తప్పనిసరి పరిస్థితి ఉండాలి. అప్పుడైనా మహిళా అధికారి రావాలి, మెజిస్ట్రేటు అనుమతి తేవాలి. వీడేమో ఫోన్లోనే కేసు పెట్టి, ఫోన్లోనే బేరం కుదుర్చుకుంటాడు!

‘ఎవరికీ చెప్పొద్దు’ అనడంలోనే ఉంది వాడి కిటుకంతా. మన ఇళ్ల సంగతి వాడికి బాగా తెలుసు. డబ్బు పోయిందంటే ‘నీ బుద్ధి ఏమైంది?’ అంటారని ఆమె రెండ్రోజులు లోలోపలే కుమిలిపోతుంది. (రిటైరైన పెద్ద పెద్ద ఆఫీసర్లూ మోసపోయారు లెండి, వారినెవరూ అలా అడగరు.) ఈలోగా సొమ్ము ఖాతాలు మారిపోతుంది. వెంటనే 1930కి ఫోన్ చేస్తే బ్యాంకులో ఆపించే వీలుంటుంది.

అయ్యలూ, అబ్బాయిలూ! ఆమె నోరు విప్పగానే అక్షింతలు వేయకండి. ముందు ఆ నంబరు కలపండి. బ్యాంకు మెసేజి దగ్గర పెట్టుకోండి, లావాదేవీ నంబరు అడుగుతారు.