జమాల్ ఆడమ్స్ మంచి సేఫ్టీయే, కానీ ఆ స్కీమ్‌కి?

సియాటిల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్ ప్రాంతాల్లో కొన్నాళ్ళున్న మనవాళ్ళకి క్రికెట్ పిచ్చితో పాటు సీహాక్స్ పిచ్చి కూడా అంటుకుంటుంది. “ఇదేం ఆటండీ బాబూ, ఐదు సెకన్లు ఆడి అరనిమిషం నిలబడతారు” అని మొదట్లో వెక్కిరించిన వాళ్ళే రెండేళ్ళు తిరిగేసరికి ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేస్తే ఎత్తరు. అలాంటి వాళ్ళ మధ్య జమాల్ ఆడమ్స్ పేరెత్తి చూడండి. సగం మంది “దండగ మనిషి, జట్టుని ముంచేశాడు” అంటారు. మిగతా సగం “గొప్ప ఆటగాడు, పాపం దెబ్బలు తగిలాయి, లేకపోతేనా!” అంటారు.

నాకు ఈ రెండు మాటలూ నచ్చవు. రెంటిలోనూ మనిషి మీద తీర్పే ఉంది కానీ, ఆ మనిషికిచ్చిన పని మీద ఒక్క ముక్క లేదు. అసలు అడగాల్సిన ప్రశ్న వేరే. సీహాక్స్ అప్పట్లో ఆడిన డీప్ జోన్ పద్ధతికి ఆడమ్స్ లాంటి సేఫ్టీ సరిపోతాడా? సరిపోడనే నా అభిప్రాయం. పైగా ఆ సంగతి 2020లో అతన్ని కొనేరోజుకే కనిపిస్తోంది.

ఈ ఆట తెలియని వాళ్ళ కోసం ముందుగా రెండు ముక్కలు (తెలిసిన వాళ్ళు ఓ రెండు పేరాలు దాటేయొచ్చు). ఇది అమెరికన్ ఫుట్‌బాల్. డిఫెన్స్‌లో పదకొండు మంది ఉంటారు. అందరికన్నా వెనక కాపలా కాసే వాళ్ళని సేఫ్టీలంటారు. పీట్ కరోల్ 2010లో సియాటిల్‌కి కోచ్‌గా వచ్చి స్థిరపరిచిన పద్ధతి ‘కవర్ 3’. దీని లెక్క చాలా తేలిక, 4 + 4 + 3. నలుగురు ముందుకి దూకి క్వార్టర్‌బ్యాక్ మీద పడతారు. మధ్యలో నలుగురు తలో జోన్ కాస్తారు. వెనక లోతుగా ముగ్గురుంటారు, ఇద్దరు కార్నర్లు అటూ ఇటూ, మధ్యలో ఫ్రీ సేఫ్టీ. మైదానం వెడల్పు 53 గజాల చిల్లర, అంటే వెనకున్న ఒక్కొక్కడి వాటా దాదాపు 18 గజాలు.

క్రికెట్ భాషలో చెప్పాలంటే మధ్యనున్న ఆ ఫ్రీ సేఫ్టీ లాంగాన్‌, లాంగాఫ్ రెండూ ఒక్కడే కాసే ఫీల్డర్ లాంటివాడు. ప్రత్యర్థి నలుగురు రిసీవర్లని ఒకేసారి తిన్నగా లోతుకి పరిగెత్తిస్తే, వెనక ఉన్నది ముగ్గురే. మధ్యలో వచ్చే ఇద్దరి నడుమ ఇతనొక్కడే నిలబడి, క్వార్టర్‌బ్యాక్ కళ్ళు, భుజం చూసి, బంతి ఎటు వెళ్తుందో ఒక్క క్షణం ముందు పసిగట్టాలి. తొందరపడి ముందుకి ఒక అడుగు వేశాడా, అంతే సంగతులు. ఇంకో సేఫ్టీ (స్ట్రాంగ్ సేఫ్టీ అంటారు) ముందుకొచ్చి లైన్‌బ్యాకర్ల పక్కన నిలబడతాడు. సిల్లీ పాయింట్‌లో ఫీల్డర్ అనుకోండి. పరుగు ఆపడం, దగ్గరి జోన్ కాయడం అతని పని.

ఈ రెండు కుర్చీల్లోనూ సియాటిల్‌కి అచ్చంగా సరిపోయే ఇద్దరు ఒకే ఏడాది, 2010 డ్రాఫ్ట్‌లో దొరికారు. వెనక ఎర్ల్ థామస్, మొత్తమ్మీద 14వ పిక్. ముందు కామ్ ఛాన్సలర్, ఐదో రౌండ్ పిక్. మరుసటేడు కార్నర్‌గా రిచర్డ్ షెర్మన్, అతనూ ఐదో రౌండే. అందరికన్నా తక్కువ పాయింట్లిచ్చిన జట్టుగా 2012 నుంచి 2015 దాకా వరసగా 4 సీజన్లు నిలబడ్డారు. 2014 ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌లో డెన్వర్‌ని 43-8తో చితక్కొట్టారు.

ఇందులో థామస్ వాటా ఎంతో తెలియాలంటే అతను లేని రోజులు చూడాలి. 2016 డిసెంబర్ 4న కరోలినా మీద ఆడుతూ కాలు విరిగింది. సరిగ్గా వారానికి గ్రీన్ బే వెళ్ళారు. మొదటి డ్రైవ్‌లోనే ఆరన్ రాడ్జర్స్ 66 గజాల టచ్‌డౌన్ విసిరాడు. ఆట 38-10తో పోయింది. మిగతా వాళ్ళు చాలామంది ఆ పేరున్న మొనగాళ్ళే, పద్ధతీ అదే. మధ్యలో ఒక్కడు మారాడు. సరే, ఒక్క ఆటతో ఏదీ రుజువైపోదు, ఆ రోజు సియాటిల్ ఆఫెన్స్ కూడా చెత్తగానే ఆడింది. కానీ వెనక ఆ ఒక్కడి మీద నమ్మకంతోనే ముందున్న పదిమందీ అంత ధైర్యంగా ఆడేవాళ్ళన్నది మాత్రం నిజం.

ఇప్పుడు ఆడమ్స్ దగ్గరికొద్దాం. 2017 డ్రాఫ్ట్‌లో 6వ పిక్‌గా న్యూయార్క్ జెట్స్‌కి వెళ్ళాడు. మూడేళ్ళు ఆడాడు, 2019లో ఆల్-ప్రో. పనిమంతుడు, అందులో సందేహం లేదు. కానీ ఎలాంటి పనిమంతుడు? 2019లో జెట్స్ డిఫెన్స్ కోఆర్డినేటర్ గ్రెగ్ విలియమ్స్, బ్లిట్జ్ అంటే చెవి కోసుకునే రకం. ఆ ఏడాది ఆడమ్స్‌కి 6.5 సాక్‌లు. సేఫ్టీకి అది మామూలు అంకె కాదు. అదే మనిషికి మూడేళ్ళూ కలిపి ఇంటర్సెప్షన్లు 2. అంటే కాగితం మీదే స్పష్టంగా రాసుంది, ఇతను ఉరికే మనిషి, కాచుక్కూర్చునే మనిషి కాదని.

2020 జులైలో సియాటిల్ ఇతని కోసం ఇచ్చినవేమిటంటే 2021, 2022 మొదటి రౌండ్ పిక్‌లు రెండూ, 2021 మూడో రౌండ్ పిక్, పైన సేఫ్టీ బ్రాడ్లీ మెక్‌డూగల్డ్. ప్రతిగా ఆడమ్స్, ఒక నాలుగో రౌండ్ పిక్ వచ్చాయి. ఆ 2022 మొదటి పిక్ చివరికి 10వ నెంబరై, దాంతో జెట్స్ తీసుకున్న గారెట్ విల్సన్ ఆ ఏడాదే ఆఫెన్స్‌లో ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు.

ఇక్కడ మన ఆడమ్స్ అభిమానులు ఓ మాటంటారు. “అతన్ని తెచ్చింది థామస్ కుర్చీకి కాదుగా, ఛాన్సలర్ కుర్చీకి!” నిజమే, వెనక కాయడానికి క్వాండ్రీ డిగ్స్ అప్పటికే ఉన్నాడు. (అతన్ని 2019 అక్టోబర్‌లో డెట్రాయిట్ నుంచి తెచ్చింది ఐదో రౌండ్ పిక్‌కి. 2020, 2021, 2022 మూడేళ్ళూ ప్రో బౌల్‌కి ఎంపికయ్యాడు. బేరమంటే అదీ!) కానీ ఛాన్సలర్ కుర్చీ కూడా జోన్ కుర్చీయే. తన చోట నిలబడి, అక్కడికొచ్చిన వాణ్ణి వచ్చినట్టు గుద్దడమే ఛాన్సలర్ గొప్పతనం. చోటు వదిలేసి వెళ్ళడం కాదు.

ఇప్పుడా 4 + 4 + 3 లెక్క మళ్ళీ చూడండి. ఈ పద్ధతి మొత్తం ఒక్క షరతు మీద నడుస్తుంది, నలుగురితోనే క్వార్టర్‌బ్యాక్‌ని ఇబ్బంది పెట్టాలి. అప్పుడే వెనక ఏడుగురు మిగులుతారు. ఆడమ్స్ అసలు ప్రతిభ ఐదోవాడిగా దూకడంలో ఉంది. అతను దూకిన ప్రతిసారీ వెనక ఏడుగురు కాస్తా ఆరుగురవుతారు. అంటే అతని గొప్పతనాన్ని వాడుకోవాలంటే ఆ పద్ధతి ప్రాణాన్నే కొంచెం కొంచెం తీయాలి. పద్ధతిని కాపాడాలంటే అతని గొప్పతనాన్ని మూట కట్టి అటకెక్కించాలి. ఇంక మూడో దారేది?

మొదటి దారి 2020లో తొక్కారు. 12 ఆటల్లో 9.5 సాక్‌లు చేశాడు. 1982 నుంచి సాక్‌లు అధికారికంగా లెక్కపెడుతుంటే ఏ డిఫెన్సివ్ బ్యాక్‌కీ ఒక సీజన్లో అన్ని లేవు. అంతకుముందు రికార్డు 2005లో ఏడ్రియన్ విల్సన్ చేసిన 8. అందరూ చప్పట్లు కొట్టారు. కానీ అదే సీజన్ మొదటి సగంలో సియాటిల్ గాల్లో ఇచ్చిన గజాలు చూస్తే కళ్ళు తిరిగేవి. తప్పంతా ఆడమ్స్‌దని అనను, మధ్యలో గాయంతో కొన్ని ఆటలు అతను లేడు కూడా. అసలు లోటు ముందున్న నలుగురిలో ఉంది. జడేవియన్ క్లౌనీ వెళ్ళిపోయాడు, క్వార్టర్‌బ్యాక్‌ని పట్టేవాళ్ళు లేరు. అక్టోబర్ చివర్లో సిన్సినాటి నుంచి కార్లోస్ డన్‌లాప్‌ని తెచ్చాక డిఫెన్స్ కుదుటపడింది. డన్‌లాప్ ఖరీదు ఒక ఆటగాడు, ఒక ఏడో రౌండ్ పిక్. బల్ల కాలు విరిగితే కాలు వేయించాలి. వీళ్ళు ఖరీదైన టేబుల్ క్లాత్ కొన్నారు.

2021 ఆగస్టులో ఆడమ్స్‌కి 4 ఏళ్ళ కాంట్రాక్టు, సుమారు 70 మిలియన్ డాలర్లకి. అప్పటికి ఏ సేఫ్టీకీ అంత లేదు. మరి ఆ ఏడాది ఏం చేశారు? బ్లిట్జ్‌లు బాగా తగ్గించి అతన్ని వెనక్కి పంపారు. అదే రెండో దారి. 12 ఆటలు, సాక్‌లు సున్నా, ఇంటర్సెప్షన్లు 2. ఏ పని చూసి అంత డబ్బిచ్చారో ఆ పనే చెయ్యొద్దన్నారన్నమాట! 2022లో క్లింట్ హర్ట్ కోఆర్డినేటర్ అయ్యాక జట్టు ఇద్దరు సేఫ్టీలనీ వెనకే నిలబెట్టే పద్ధతి వైపు మొగ్గింది. ఆడమ్స్‌కి అది ఇంకా దూరం. మొదటి ఆటలోనే మోకాలి పైన కండరం తెగి ఆ ఏడాదంతా పోయింది.

దెబ్బల సంగతి దాచిపెట్టి మాట్లాడితే అన్యాయమవుతుంది. నాలుగు సీజన్లలో ఉన్న 67 ఆటల్లో అతను ఆడినవి 34. అన్నీ ఆడుంటే అంకెలు మెరుగ్గా ఉండేవేమో. కానీ ఆడిన రోజున కూడా అతన్నెక్కడ నిలబెట్టాలో జట్టుకి తేలలేదన్నదే నేను చెప్పేది. ఆ అయోమయానికి గాయాలు కారణం కాదు.

“మంచివాడు దొరికితే పద్ధతే మార్చుకోవాలి గానీ” అనే వాదన ఒకటుంది. దీన్ని నేను కొట్టిపారేయను. 2023లో బాల్టిమోర్‌లో మైక్ మెక్‌డొనాల్డ్ చేసింది అదే. కైల్ హామిల్టన్ అనే సేఫ్టీని ఒకసారి ముందు, ఒకసారి పక్కన, ఒకసారి వెనక పెట్టి ఆడించాడు. ఒక్క ఆట మొదటి సగంలోనే 3 సాక్‌లు చేశాడు హామిల్టన్. ఆ ఏడాది ఆ జట్టు తక్కువ పాయింట్లివ్వడంలో, సాక్‌లలో, బంతి లాక్కోవడంలో, మూడింట్లోనూ మొదటి స్థానం. ఐతే గమనించాల్సింది రెండు. హామిల్టన్ జోన్ కాయడం కూడా వచ్చినవాడు. ఇక అతను ముందుకెళ్ళినప్పుడు వెనక కాసేవాళ్ళలో జీనో స్టోన్ ఆ ఏడాది 7 ఇంటర్సెప్షన్లు పట్టాడు. అంటే మొత్తం ఇల్లే ఆ లెక్కన కట్టుకున్నారు. సియాటిల్ ఇల్లు అలాగే ఉంచి, ఒక్క గదిలో గోడ పడగొట్టింది. 2024లో ఆ మెక్‌డొనాల్డే సియాటిల్‌కి హెడ్ కోచ్‌గా వచ్చాడు. మార్చిలో జట్టు ఆడమ్స్‌నీ, డిగ్స్‌నీ ఒకేరోజు వదిలేసింది.

ఇదంతా మనకెందుకంటారా? మన ఫీల్డులో రోజూ జరిగేది ఇదే కనక. నేను వెనకటికి పనిచేసిన ఒక చోట ప్రొడక్షన్‌లో ఏది పేలినా అర్ధరాత్రి లేచి గంటలో మూలం పట్టుకునే కుర్రాడొకడు ఉండేవాడు. అంత తెలివైనవాడు కదాని అతన్ని తీసుకెళ్ళి రిలీజ్‌లన్నీ ఓపిగ్గా పరీక్షించి, సంతకం పెట్టే కుర్చీలో కూర్చోబెట్టారు. ఏమీ జరక్కుండా చూడ్డమే అక్కడ పని. ఏదైనా జరిగితే తప్ప వెలగని బుర్ర అతనిది. ఏడాది తిరిగేసరికి అప్రైజల్‌లో “అంచనాలు అందుకోలేదు” అని రాశారు. కుర్చీ మార్చిన మేనేజర్ అప్రైజల్‌లో ఏం రాశారో మాత్రం నాకు తెలీదు.

అందుకే ఆడమ్స్‌ని “దండగ” అంటుంటే నాకు చిరాకు. అతను తను చేయగలిగింది ఎప్పుడూ దాచలేదు, జెట్స్‌లో మూడేళ్ళు ఆరుబయట చేసి చూపించాడు. చూసి కూడా, ఇంకేదో చేస్తాడనుకుని రెండు మొదటి రౌండ్ పిక్‌లు పోసినవాళ్ళది కదా బాధ్యత? డీప్ జోన్ ఆడే జట్టు సేఫ్టీని కొనేముందు అతనెన్ని సాక్‌లు చేశాడన్నది చివర్న చూడాలి. ముందు చూడాల్సింది, ఏమీ జరగని ఇరవై ఆటల్లో కూడా తన 18 గజాలు వదలకుండా నిలబడగలడా అన్నది. డిగ్స్ నిలబడ్డాడు. అతనికి హెడ్‌లైన్లు రాలేదంతే.

చివరగా ఒక్క సంగతి చెప్పి ఆపేస్తాను. 2025లో పీట్ కరోల్ లాస్ వేగాస్ రైడర్స్‌కి కోచ్‌గా వెళ్ళి, మళ్ళీ ఆడమ్స్‌ని పిలిపించుకున్నాడు. ఈసారి సేఫ్టీగా కాదు, లైన్‌బ్యాకర్‌గా. అప్పుడు కొన్నవాడే, ఐదేళ్ళ తర్వాత అదే మనిషికి వేరే కుర్చీ వేశాడు. ఆడమ్స్ సేఫ్టీగా పనికొచ్చాడా లేదా అని ఇంకా వాదించుకునే మన సియాటిల్ మిత్రులకి ఇంతకన్నా మంచి సమాధానం నా దగ్గర లేదు. మీరేమంటారు?