ముందు కాగితం, తర్వాతే మాట

ప్లాట్లు అమ్మిపెట్టే పనిలోకి కొత్తగా దిగేవాళ్లకు మన దగ్గర మొదట నేర్పేది మాటకారితనం. ఈ సంచికలో మేం కాగితాలకు పెద్దపీట వేశాం.

ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి చదవడం, లింకు డాక్యుమెంట్లలో సర్వే నంబరూ హద్దులూ ఎక్కడైనా మారాయేమో చూడడం, రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింది నిషేధిత జాబితాలో ఆ నేల ఉందేమో వెతకడం వచ్చినవాడు కొనేవారి ప్రశ్నలకు తడబడడు. అయితే ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. అన్నదమ్ముల నోటి పంపకాలు అందులో ఉండవు. వాటికోసం ఊళ్లో నలుగురినీ అడగాల్సిందే. కాగితాలతోపాటు కొలతలూ తెలియాలి: గుంటకు 121 గజాలు, సెంటుకు 48.4 గజాలు. ఈ లెక్క నోటికి రాకపోతే రైతు ముందే పరువు పోతుంది!

2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 9వ సెక్షన్ ప్రకారం, రెరా ప్రాజెక్టుల్లో ప్లాటుగానీ ఫ్లాటుగానీ అమ్మిపెట్టాలంటే ఏజెంటుకూ రిజిస్ట్రేషన్ ఉండాలి. లేకుంటే జరిమానా రోజుకు 10 వేల రూపాయలు. ప్రాజెక్టుకు రెరా నంబరు రాకముందే ‘ప్రీలాంచ్’ పేరుతో అమ్మమంటూ కమీషన్ ఊరిస్తుంటే, కుదరదని చెప్పగలగడమే మా దృష్టిలో అసలు ధైర్యం.

పత్రాల తనిఖీలో మీకు ఎదురైన చిక్కులు రాసి పంపండి. వచ్చే సంచికలో న్యాయవాదులతో జవాబులు చెప్పిస్తాం.