పాలసీసా కన్నా ఉగ్గుగిన్నె మేలు

పసికందు పాలు చప్పరించలేకపోతే ఏ సీసా కొనాలి? వెడల్పు మూతిదా, సన్నటిదా? పీక రబ్బరుదా, సిలికాన్‌దా? జగదల్‌పూర్‌లో మందుల షాపు ముందు నిలబడిన కొత్త తండ్రికి ఇది చిన్న ప్రశ్న కాదు. నెల ముందే పుట్టి, నాలుగు గుక్కలకే అలసిపోయే బిడ్డ ఇంట్లో ఉంటే చేతిలో ఏదో ఒకటి పట్టుకునే వెళ్లాలనిపిస్తుంది. కానీ బస్తర్ లాంటి చోట సరైన జవాబు ఆ షాపు అరల్లో కాదు, మన అమ్మమ్మల అటక మీద ఉంది. దాని పేరు ఉగ్గుగిన్నె.

ఇది పాతకాలం మీద మోజు కాదు. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం - ఈ మూడింటికీ లంకె కుదరాలంటే బిడ్డకు కడుపులో దాదాపు 34 వారాలు నిండాలి. 32-34 వారాలకే పుట్టిన వారికి తల్లి పిండిన పాలను గిన్నె, చెంచాతోనో, తమిళులు పాలాడై అనే ముక్కుగిన్నెతోనో పట్టడం మన ఆస్పత్రుల్లోని నవజాత శిశు విభాగాల పద్ధతి. ఇంకా ముందు పుడితే ఆస్పత్రిలో గొట్టమే గతి. బిడ్డ తల ఎత్తి పట్టుకుని, పెదవి మూలన కాసిని పోసి, మింగాక మళ్లీ పోయాలి. పాలు రావడం లేదని సీసా పీక రంధ్రం సూదితో పెద్దది చేస్తే ధార కట్టి పొలమారుతుంది.

శుభ్రత సంగతి మరొకటి. ఇరుకు మెడలో, పీక మడతల్లో పాలజిడ్డు నిలిచిపోతుంది. చేతిపంపు నీళ్లు, కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో సీసాను రోజుకు ఎనిమిదిసార్లు మరిగించేదెవరు? గిన్నెనూ మరిగించాల్సిందే కానీ, దాని మూలమూలకూ వేలు వెళ్తుంది. పాలసీసాల ప్రచారాన్ని నిషేధిస్తూ 1992లో చట్టం చేసి, 2003లో దాన్ని మరింత బిగించింది ఊరికే కాదు. అయితే అమ్మకంపై నిషేధం లేదు.

అంగిలి చీలి పుట్టిన బిడ్డల సంగతి వేరు. నోట్లో గాలి నిలవదు కాబట్టి వారు పాలను లాగలేరు. నొక్కితే పాలు వచ్చే మెత్తటి ప్రత్యేక సీసాలు వారికి అక్కరకొస్తాయి. అవి దొరకనిచోట, నేర్పేవారుంటే ఉగ్గుగిన్నే ఆదుకుంటుంది.

ఆ నేర్పేవారే అసలు అవసరం. ఛత్తీస్‌గఢ్‌లో 2002లో మొదలైన మితానిన్ పథకం ఊరి మహిళనే ఆరోగ్య కార్యకర్తను చేసింది. పాలు పిండటం, పట్టడం తల్లి పక్కన కూర్చుని చూపగలిగేది ఆమే. ప్రమాదాన్ని ముందుగా పసిగట్టాల్సిందీ ఆమే. నిన్నటిదాకా తాగిన బిడ్డ ఇవాళ నోరు తెరవడం లేదంటే, ఒళ్లు చల్లబడిందంటే అది సీసాకు సంబంధించిన సమస్య కాదు, జబ్బు. అప్పుడు కోంట నుంచి భద్రాచలం బస్సెక్కే తండ్రి వెతకాల్సింది మందుల షాపును కాదు, పిల్లల డాక్టర్‌ని. కొత్త సీసా కొని, మార్చి చూద్దామని ఆగిన ఒక్క పూట బిడ్డ ప్రాణం మీదికి తేవచ్చు.